ఎడమ పక్క రేకు

రండర్రా, అరుగు చివర వేలాడుతున్నవాళ్ళు కూడా ఇటు జరగండి. చాప చాలకపోతే మోకాళ్ళు ముడుచుకోండి. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళూ కూర్చోవచ్చు. ఈ కథ నిజానికి మీ వయసువాళ్ళదే.

బెజవాడ ఆటోనగర్‌లో సోమలింగాచారి అని రేకుపని మేస్త్రి ఒకాయన ఉండేవాడు. లారీలకూ బస్సులకూ పైరేకులు తొడగడం ఆయన పని. శిష్యులు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించేవాడు. అది చేశాక, అడిగినవాడికి మళ్ళీ అడగాల్సిన అవసరం కనిపించేది కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకుని ఉయ్యూరులో సొంత షెడ్డు వేసుకున్నవాడు ముకుందం. రైతుల ట్రాక్టర్ల సొట్టలు తీస్తూనే, తీరిక దొరికినప్పుడల్లా ఇంటి పక్కనే ఉన్న ఆ షెడ్డులో ఒక రేసు కారు కట్టుకుంటూ వచ్చాడు. పాత కారు ఇంజను, తను అతికిన ఇనుప చట్రం, రెండే సీట్లు. తలుపుల్లేవు, కాలెత్తి పక్క మీదుగా దాటి లోపల దిగాలి. చివరికి చట్రం మీద అల్యూమినియం రేకులు కూడా తొడిగాడు. ఎడమ పక్క రేకునైతే చెక్కసుత్తితో కొట్టి కొట్టి, చేప పక్కలా సన్నగా సాగదీశాడు. వేలితో నిమిరితే ఎక్కడా గతుకు తగలదు. ఆదివారం బెజవాడలో, ఎవరికి వారు కట్టుకున్న బళ్ళ ప్రదర్శన ఉంది. ఆ రేకును నలుగురూ చూడాలని అతని ఆశ.

బండి చూడటానికి శుక్రవారం పొద్దున్నే ఆచారి వచ్చాడు. చుట్టూ తిరిగి, లోపలికి వంగి చూశాడు. కుడివైపు, నడిపేవాడి పక్కన, లావుపాటి ఇనుప పైపులు అడ్డంగా బిగించి ఉన్నాయి. పక్కనుంచి ఏదైనా వచ్చి గుద్దితే ఆ దెబ్బ ముందు వాటికే తగులుతుంది. వాటికి చోటు కోసం ముకుందం తన సీటును లోపలికి జరుపుకున్నాడు. దాంతో రెండో సీటు ఎడమ రేకును ఆనుకునేదాకా పోయింది. అటువైపు పైపులు లేవు.

ఆచారి అటే చూస్తూ ఉండిపోయేసరికి ముకుందమే కదిపాడు.

"అటు కూడా పైపులు వేస్తే రేకు ఉబ్బుతుంది మేస్త్రిగారూ, ఇన్నాళ్ళ పనీ పాడవుతుంది. ఆ సీట్లో ఎప్పుడో గాని ఎవరూ కూర్చోరు. ఎప్పుడో కూర్చునేవాళ్ళ కోసం అంత అవసరమంటారా?"

ఆచారి ఇంటివైపు తిరిగి, "అమ్మా హైమా, ఒకసారి ఇలా రా తల్లీ," అని పిలిచాడు.

ముకుందం భార్య పిండి చేతులు కడుక్కుని వచ్చింది. ఎడమ సీట్లో కూర్చోమనగానే మొగుడి వంక చూసి నవ్వింది. "తాళి నాకు కట్టి కాపరం దీంతో చేస్తున్నారు మావయ్యగారూ! ఇప్పుడు నన్ను సవతి ఒళ్ళో కూర్చోమంటారా?"

"కూర్చో తల్లీ. కూర్చుని రేకుకు అరచెయ్యి ఆన్చు. ఒరే ముకుందం, నువ్వు బయట నిలబడి కళ్ళు మూసుకో. ఆ చెయ్యి ఎక్కడుందో చెప్పు."

చిన్నపిల్లల ఆటలా తోచింది ముకుందానికి. అయినా గురువు మాట. పొద్దుటి నీడలో రేకు చల్లగా ఉంది. తడుముతూ పోతుంటే ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ వెచ్చగా ఉంది. కాస్త నొక్కితే రేకు లోపలికి వంగింది. అవతల ఒక్కో వేలూ విడివిడిగా తెలిసింది.

"ఇక్కడ," అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

"ఇప్పుడు నీ సీట్లో కూర్చోబెట్టి వెతుకు."

కుడివైపు ఎంత తడిమినా చల్లటి రేకే. "ఇక్కడేనండీ, ఇక్కడే!" అంటోంది హైమ లోపలినుంచి. ఆమె చెయ్యి పైపుల దగ్గరే ఆగిపోయింది, రేకు దాకా రాలేదు.

"దొరకడం లేదు," అని ముకుందం కళ్ళు తెరిచాడు.

ఆచారి హైమ ఇచ్చిన కాఫీ తాగి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం కానిచ్చుకుని వచ్చాక పైపులు వేద్దాంలే అని ముకుందం తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ హైమ అంది: "బెజవాడకి నన్నూ తీసుకెళ్తారుగా? పెద్దరోడ్డు మీద మీ పక్కన కూర్చుని వెళ్ళాలని ఉంది." ముకుందం కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. షెడ్డులోకి పోయి డ్రిల్లు అందుకుని, ఎడమ రేకును బిగించిన రివెట్లు ఒక్కొక్కటే ఊడబెరికాడు. ఆదివారం వచ్చింది, పోయింది. బండి షెడ్డు దాటలేదు.

కొత్త రేకు తొడిగాక ఆచారి మళ్ళీ వచ్చాడు. ఎడమవైపు పైపులు బిగించి ఉన్నాయి. వాటి మీదుగా వచ్చిన రేకు బయటికి పొడుచుకొచ్చింది. ఎదురుగా నిలబడితే రెండు పక్కలూ సమంగా లేవని ఎవరికైనా తెలిసిపోతుంది.

ముకుందం తల వంచుకున్నాడు. "ఈ ఉబ్బేమిటని అందరూ అడుగుతారు మేస్త్రిగారూ. పని రానివాడని నవ్వుతారేమో."

ఆచారి ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆన్చాడు.

"అడిగితే చెప్పు," అన్నాడు, "అక్కడొక మనిషి కూర్చుంటుందని."

ఇక లేవండి. ఇళ్ళల్లో కంచాలు వేసి ఉంటారు. చల్లారకముందే వెళ్ళి తినండి.