గోరింట తోక

ఏదీ, ఆ వేలు ఇటివ్వు షమీ. ఇవ్వవా? దుప్పట్లో దాచుకుంటావా? దాచుకో. వేలి మీద పులిపిరికి వెంట్రుక కట్టుకున్నావని అన్నం తినేటప్పుడే చూశా. ఫంక్షన్ హాలు వెనక కట్టేసిన పెళ్ళి గుర్రం తోకలోదేగా? నిన్నేమీ అననులే. కథ చెప్తా, పడుకుని విను. అది అయ్యాక నీ ఇష్టం.

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. రైలు దిగినవాళ్ళు జట్కా ఎక్కి ఇంటికి పోయే కాలం. అప్పుడు ఒక ఊళ్ళో ఒక ఆడగుర్రం ఉండేది. దానికి రెక్కల్లేవు, మాటలు రావు. బండి లాగేది, గడ్డి తినేది, అంతే. ఒళ్ళంతా పండిన గోరింటాకు రంగు. అందుకని దాన్ని గోరింట అని పిలిచేవాళ్ళు.

ఆ జట్కా తోలేది నాసరయ్య. పెళ్ళాం పోయింది, ఎనిమిదేళ్ళ కూతురుంది. ఆ ముగ్గురిదీ ఒకటే సంసారం. నాసరయ్య కొరడా పట్టి ఎరగడు. "పద తల్లీ" అంటే గోరింట కదిలేది, "చాల్లే అమ్మా" అంటే ఆగేది. రైలు కూత వినపడితే చాలు, ఆయన లేవకముందే అది కాలు దువ్వేది.

దాని తోక చూడాలి నువ్వు. నల్లగా, ఒత్తుగా, మోకాళ్ళు దాటి కిందికి జారేది. ఆ తోకే దాని కొంప ముంచింది.

ఎందుకంటావా? గుర్రపు వెంట్రుక బిగించి కడితే పులిపిరి ఎండి రాలిపోతుందని నీకే తెలిసినప్పుడు ఆ ఊరికి తెలీదా? పైగా వాళ్ళకి బోలెడు రూల్సు. బతికున్న గుర్రానిదే అయ్యుండాలట. కత్తిరిస్తే పనిచెయ్యదట, పీకాలట. అదీ ఆడపిల్ల చేత్తోనే పీకాలట. ఈ రూల్సు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ జుట్టు ఎవరూ పీకలేదు కాబట్టి పెట్టారు.

ఇంకేముంది, పొద్దున లేస్తే నాసరయ్య గుమ్మం ముందు జనం. మెడ మీద ఉన్నవాళ్ళు, కనురెప్ప మీద ఉన్నవాళ్ళు, చెప్పుకోలేని చోట ఉన్నవాళ్ళు. నాసరయ్య మెత్తటి మనిషి, ఎవర్నీ కాదనలేడు. "ఒక్క వెంట్రుకేగా, పోనీలే" అనేవాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక్కటేగా కావలసింది.

పీకేది కూతురు. దాని చెయ్యి మంచిదని ఊరంతా మెచ్చుకునేది. ఒకావిడ రిబ్బను ఇచ్చేది. ఒకాయన బుగ్గ గిల్లి "బంగారు చెయ్యే నీది" అనేవాడు. తల్లి లేని పిల్లకి అంతకన్నా ఏం కావాలి? పీకినప్పుడల్లా గోరింట వెనక్కి తిరిగి ఒకసారి చూసేది, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టేది. ఒక్కనాడు కూడా కాలెత్తలేదు.

"ఆ పిల్ల పేరేంటి అమ్మమ్మా?"

పేరెందుకులే ఇప్పుడు. విను.

ఒక వానాకాలం, ఒళ్ళు కడుగుతుంటే గోరింట వెనక తొడ మీద నాసరయ్య వేళ్ళకి ఏదో తగిలింది. రేగుగింజంత ఉంది. "నీకూ వచ్చిందా పులిపిరి" అని నవ్వాడు. ఊరందరికీ పోగొట్టే వెంట్రుక దాని ఒంటి మీదే ఉన్నాక ఇంకేం దిగులు? అప్పుడు కూతుర్ని పిలిచాడు. గోరింట తోకలోంచి ఒకటి పీకించి, దాని పులిపిరికి దాని వెంట్రుకే బిగించి కట్టాడు. ఎనిమిదో రోజు అది ఎండి రాలిపోయింది. తండ్రీకూతుళ్ళు పండగ చేసుకున్నారు. గోరింటకి బెల్లం ముక్క పెట్టారు.

నెల తిరక్కుండానే అదే చోట మూడు మొలిచాయి.

ఆ తర్వాత నాసరయ్య జీడిగింజ కాల్చి, ఆ రసం పెట్టాడు. మనుషుల పులిపిర్లకి అదీ పెడతారు, చర్మాన్ని మాడ్చేస్తుంది. గోరింట గజగజా వణికింది. అయినా మా నాసరయ్యే కదా చేస్తున్నాడని నిలబడింది. బొబ్బ లేచింది, పుండు పడింది, పుండు ఎండింది, కొత్త చర్మం కూడా వచ్చింది. మళ్ళీ బెల్లం ముక్క. ఎండాకాలం మొదలయ్యేసరికి ఆ కొత్త చర్మాన్ని చీల్చుకుని కోడిగుడ్డంత కంతి లేచింది. ముట్టుకుంటే రక్తం.

చూడు షమీ, రోగం వస్తే ఏడ్చి ఊరుకోవచ్చు. నయమైందని బెల్లం పెట్టాక మళ్ళీ రావడం ఉందే, అది మనిషిని తినేస్తుంది. నాసరయ్య ఆ యేడాది రెండుసార్లు మనసారా నవ్వాడు. రెండుసార్లూ ఆ నవ్వు లాగేసుకున్నారు. ఎవరు లాగేసుకున్నారని అడక్కు. నాకే తెలిస్తే వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని.

అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి నడిపించుకుని వెళ్ళాడు. మొదటే పోవాల్సినవాడు మూడోసారికి పోయాడు. డాక్టరు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది పులిపిరి కాదయ్యా. చర్మంలో పుట్టే కంతి. గుర్రాలకి వస్తది. నువ్వేమో కట్టి, కాల్చి దీన్ని రెచ్చగొట్టావు" అన్నాడు.

డాక్టరు ఆ కంతిని లోపలిదాకా కోసి తీశాడు. పదకొండు కుట్లు వేశాడు.

"ఇక మళ్ళీ రాదుగా అయ్యా?" అన్నాడు నాసరయ్య.

"చెప్పలేను. ముందు ఈ కుట్లు మానాలి. మానితే బతికిద్ది. కుట్టు తెగకూడదు, ఈగ వాలకూడదు. నువ్వు ఎంతసేపని కాపలా కాస్తావులే, ఈగల్ని తోలుకోడానికి దాని తోక దానికుంది" అని డాక్టరు వెనక్కి వెళ్ళి చూశాడు. "దీని తోకేదయ్యా?" అన్నాడు.

తోకేది? అరిగిపోయిన చీపురుకట్ట ఒకటి వేలాడుతోంది. గోరింట దాన్నే అటూ ఇటూ ఊపుతోంది, ఈగలు దాని పక్కనే వాలుతున్నాయి. తండ్రీకూతుళ్ళిద్దరూ తలొంచుకున్నారు.

ఇంటికొచ్చాక నాసరయ్య కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు. "ఇక ఒక్క వెంట్రుక కూడా ఎవరికీ ఇయ్యొద్దమ్మా. ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా ఇయ్యొద్దు" అన్నాడు. పిల్ల చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. పిల్ల వేసింది. మనసులో కూడా అదే అనుకుని వేసింది, అబద్ధం కాదు.

ఆ తర్వాత ఇద్దరూ వంతులేసుకుని వేపరెమ్మతో ఈగలు తోలారు. మూడో రోజు గోరింటకి జ్వరం వచ్చింది, తగ్గింది. ఐదో రోజు చీము పట్టింది, కడిగి కడిగి అదీ తగ్గించారు. ఏడో రోజు అది దాణా అంతా తినేసి, రైలు కూతకి కాలు దువ్వింది. నాసరయ్య ఈసారి బెల్లం పెట్టలేదు. భయం. డాక్టరు ఇంకో వారం గడవాలన్నాడు.

ఎనిమిదో రోజు నాసరయ్య గడ్డి కోసం వెళ్ళాడు. పిల్ల ఒక్కతే రెమ్మ పట్టుకుని కూర్చుంది. అప్పుడు సుగుణ టీచరు వచ్చింది. ఆ పిల్లకి బళ్ళో చదువు చెప్పే టీచరు. చదువు చెప్పడమే కాదు, ఇంట్లో దువ్వేవాళ్ళు లేరని, రోజూ బెల్లు కొట్టక ముందు ఆ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఆ టీచరుకి పై పెదవి మీద పులిపిరి ఉంది. రెండు వారాల్లో పెళ్ళివారు చూడ్డానికొస్తున్నారు.

"ఒక్కటంటే ఒక్కటి ఇవ్వవే తల్లీ. ఇప్పటికి ఇద్దరు చూసి వద్దనిపోయారు" అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఇక ఆ పిల్లా ఈ పిల్లా అనుకుంటూ నేనెంతసేపు దాక్కోను? ఆ పిల్లని నేనే షమీ. నాసరయ్య మా నాన్న.

రెమ్మ కింద పెట్టి, గోరింట వెనక్కి పోయాను. మిగిలిన నాలుగు పోగుల్లో పొడుగ్గా ఉన్నదాన్ని ఏరి, వేలికి చుట్టి లాగాను. అన్నేళ్ళూ కాలెత్తని గోరింట ఆ రోజు తన్నింది. నన్ను కాదు. నన్ను తప్పించి పక్కకి తన్నింది. కాలు వెళ్ళి జట్కా చక్రానికి తగిలింది. తొడ మీద కుట్లు తెగిన చప్పుడు నాకు వినపడింది. ఇప్పటికీ పాత గుడ్డ చింపుతుంటే నేను పక్క గదిలోకి పోతానే, అందుకే.

టీచరు భయపడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ వెంట్రుక మాత్రం తీసుకునే వెళ్ళింది.

నాన్న గడ్డిమోపు పడేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే మనిషి పోతాడని మా వాడకట్టులో అనేవాళ్ళు. చెబితే నాన్న పోతాడని నా భయం. "ఈగలు కుట్టాయి నాన్నా, తన్నుకుంది" అన్నాను. డాక్టరు అడిగినా అదే మాట చెప్పాను. అప్పుడు మా నాన్న ఆయన ముందు చేతులు కట్టుకుని, "తప్పు నాదేనయ్యా. వేపపొగ వేసి పోవాల్సింది, వెయ్యకుండా పోయా" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

మళ్ళీ కుట్టారు, నిలవలేదు. మందు పోశారు, పురుగు పట్టింది. పురుగు పోయాక ఆ పుండులోంచే కంతి మళ్ళీ తల ఎత్తింది. డాక్టరు మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఇక కొయ్యడానికి చోటు లేదన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున గోరింట మోకాళ్ళ మీద కూలబడింది. మా నాన్న దాని తల ఒళ్ళో పెట్టుకుని, "లే తల్లీ, రైలొచ్చింది" అన్నాడు. చెవి ఒక్కటి కదిలింది. ఇక కదల్లేదు.

ఏడవకు. ఇంకా ఉంది.

రైలు గేటు అవతల గొయ్యి తవ్వారు. ఊళ్ళో జనం బాగానే వచ్చారు. మా మీద జాలితో వచ్చారనుకున్నాను, పిచ్చిదాన్ని. "ఒళ్ళింకా వెచ్చగానే ఉందిగా నాసరయ్యా, ఇప్పుడైతే పనిచేసిద్ది. దానికిక తోకతో పనేముంది?" అని ఒకడు చెయ్యి పెట్టాడు. వాడి వెనక ఇంకొకడు. "పాపని పిలువు, పాప చేత్తో అయితే మంచిది" అని ఇంకొకావిడ. మా నాన్న ఎవర్నీ తిట్టి ఎరగడు, అప్పుడూ తిట్టలేదు. తలగుడ్డ విప్పి, గోరింట తోకకి చుట్టి ముడేసి, దానికి అడ్డంగా కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయేదాకా లేవలేదు.

మళ్ళీ గుర్రం కొనలేదు. మా నాన్న స్టేషన్లో మూటలు మోశాడు. జట్కా చెక్కలు ఒక్కొక్కటే ఊడదీసి పొయ్యిలో పెట్టాం. సుగుణ టీచరు పులిపిరి రాలిపోయింది, పెళ్ళి కుదిరింది, మాకు లడ్లు పంపింది. నేను ముట్టలేదు. నాన్న తిని, "మంచి పిల్ల, మనల్ని మర్చిపోలేదు" అన్నాడు. అసలు ఏ వెంట్రుకా కట్టకపోయినా చాలా పులిపిర్లు కొన్నాళ్ళకి వాటంతట అవే పోతాయని మీ అమ్మ పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు చెప్పింది. ఆ రోజు నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? ఎవరి మీదో తెలీని కోపం. ఊరు ఊరంతా ఆర్నెల్లు ఓపిక పట్టలేకపోయింది.

పెద్దయ్యాక నాన్నకి చెబుదామనుకున్నా. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నా. ఆయన మంచం పట్టాక, ఇక ఇప్పుడేం చెబుతాంలే అనుకున్నా. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని, "ఆ పూట పొగ వేసుంటే గోరింట బతికేదమ్మా" అన్నాడు. నేను చెంచాతో నోట్లో నీళ్ళు పోశాను గానీ, నా నోట్లోంచి మాట రాలేదు. మా నాన్న చచ్చేదాకా ఈగల్ని తిట్టాడు, తనని తిట్టుకున్నాడు. నన్ను మాత్రం బంగారు తల్లీ అన్నాడు.

"అమ్మమ్మా... పెళ్ళి గుర్రానికి నొప్పేసి ఉంటుందా?"

వేసే ఉంటుంది. తన్నలేదు కాబట్టి నీకు తెలీలేదు.

ఆఁ, వేలు బయటికొచ్చిందే! ఇటు తే, నెమ్మదిగా విప్పుతా. చూడు ఎలా కమిలిపోయిందో. రేపు మీ అమ్మ డాక్టరుకి చూపిస్తుందిలే.

"పెళ్ళి గుర్రం తోలే తాతకి చెప్పాలా?"

చెప్పాలి.

"తిడతాడేమో."

తిడితే తిడతాడు. పొద్దున్నే ఇద్దరం పోదాం, బెల్లం ముక్క పట్టుకుని. నువ్వు చెప్పు, నేను నీ పక్కనే నిలబడతా. తిట్టడానికైనా నీకు ఆ తాత ఉన్నాడు షమీ. నాకు తిట్టేవాళ్ళు కూడా మిగల్లేదు.

ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
గోరింటేమో మంటికి,
జట్కా చెక్కేమో పొయ్యిమంటకి,
నిద్దరేమో నా తల్లి కంటికి.