ఐదు చెట్ల నీళ్ళు

అనగనగా రౌద్రి నామ సంవత్సరం, నడి ఎండాకాలం. అనంతపురం వైపు ఒక ఊళ్ళో ఓబుళమ్మ అని ఒకావిడ ఉండేది, నాన్నా. ఆమెకూ మొగుడు నరసప్పకూ ఇరవై నాలుగు చీనీచెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉండేవి. ఆ కాయలమ్మితేనే ఏడాదికి సరిపడా జొన్నలు. కాపు పోయిందా, తట్టాబుట్టా సర్దుకుని పరాయి ఊరికి కూలికి పోవాల్సిందే.

ఆ చెట్లలో ఒకటి వాళ్ళ కూతురు సుంకమ్మ నాటింది. ఆరేళ్ళప్పుడు కాయ తిని, గింజ మట్టిలో పూడ్చి, రోజూ చెంబుతో నీళ్ళు పోసింది. తొమ్మిదో ఏట పిల్ల జ్వరమొచ్చి పోయింది. చెట్టు మాత్రం పెరిగింది. ఏనాడూ సరిగ్గా కాయలేదు. అయినా పొద్దుగూకే వేళ ఓబుళమ్మ దాని పక్కన నిలబడి, "బతికుంటే ఈపాటికి ఇంతై ఉండేది" అని కొమ్మ నిమురుకునేది.

ఆ ఏడు బావి అడుగంటింది. తెల్లారేసరికి ఇరవై ఐదు బిందెలే ఊరేవి. అప్పుడు ఓబుళమ్మ చెట్టుకో బిందె పోసింది. మిగిలిన ఒక్క బిందె ఎవరికి? సుంకమ్మ చెట్టుకే, ఇంకెవరికి.

మొదటి వారం ఆకులు ముడుచుకున్నాయి. రెండో వారం ఆకులు రాలాయి. మూడో వారం గోలీలంత పిందెలు రాలడం మొదలైంది.

అప్పుడు పక్క చేను ముసలాయన కొండప్ప వచ్చాడు. ఒక పాదులో పుల్లతో తవ్వి చూపించాడు. పైన వేలెడు తడి. దాని కింద ఉత్త దుమ్ము.

"నీ నీళ్ళు వేరు దాకా పోతేగా. అన్నింటినీ ఊరించి చంపుతున్నావే తల్లీ."

"ఏం చెయ్యమంటావు చిన్నాయనా?"

"నిరుడు ఎన్ని గంపల కాయలు?"

"ముప్పై."

"గట్టు పక్క ఐదు చెట్లూ ఎన్నిచ్చాయి?"

ప్రతి గంపా మోసింది ఓబుళమ్మ తలే. "ఇరవై నాలుగు" అంది.

"మోసినదానివి నీకు తెలుసు. నన్నడుగుతావేం?" అని ముసలాయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఓబుళమ్మ పద్దెనిమిది చెట్లకు నీళ్ళు ఆపేసింది. గట్టు పక్క ఐదింటికీ తలా నాలుగు బిందెలు పోసింది. మిగిలిన ఐదు బిందెలూ కూతురి చెట్టుకు పోసింది.

కూతురి చెట్టు పచ్చబడింది. గట్టు పక్క చెట్లకు మాత్రం పిందె రాలడం ఆగలేదు.

"నాలుగు చాలడం లేదే. తలా ఐదు పడాల" అన్నాడు నరసప్ప.

"అది సుంకమ్మ చెట్టయ్యా."

"నాకు తెలీదా? గింజ పెట్టే గుంట తవ్వింది నేనే" అని అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఓబుళమ్మ బిందె ఎత్తుకుంది. బావి నుంచి గట్టుకు దారి ఆ చెట్టు పక్కనుంచే. మొదటి బిందెతో అక్కడ ఆగింది. రెండో బిందెతోనూ ఆగింది. మూడోసారి, "ఈ నీళ్ళు నీవి కావమ్మా" అని మెల్లగా చెప్పి, తల తిప్పకుండా నడిచిపోయింది. రోజుకు ఇరవై ఐదుసార్లు అలాగే నడిచింది. సాయంత్రాలు ఆ కొమ్మ ముట్టుకోవడం మానేసింది. చెయ్యి మాత్రం ఆ ఎత్తుకు దానంతటదే లేచేది.

ఆ తర్వాత ఆరుద్ర కార్తెలో వాన పడింది. గట్టు పక్క ఐదు చెట్లూ ఇరవై రెండు గంపలు కాశాయి. ఓబుళమ్మ, నరసప్ప ఊరు వదలలేదు.

పందొమ్మిది చెట్లు ఎండిపోయాయి. వాటిలో సుంకమ్మ చెట్టు ఒకటి.

కథ చేరె కంచికి, కునుకు చేరె కంటికి, మనం చేరాం ఇంటికి.