సీసమన్న షరాబు

ఏటి ఇసకలో చెలమ తవ్వుతుంటే జాలరి నూకాలుకి కుండెడు నల్లబడ్డ పాత నాణేలు దొరికాయి. వెండయితే రాజుగారివి, కాకపోతే దొరికినవాళ్లవి. అదీ ఆ రాజ్యపు కట్టుబాటు. కొత్త పడవ మీద ఆశంతా ఆ కుండలోనే పెట్టుకుని, నూకాలు రాజుగారి అధికారి అమీను ముందు నిలబడింది.

నాణేల మేలిమి చూసే షరాబు వీరేశం, వాడి పాపిష్ఠి చేతులు ఎవరెరగరు గనక, ఒక నాణేన్ని చింతపండుతో తోమాడు. అంచున తెల్లటి మెరుపు తేలగానే బొటనవేలితో మూసేశాడు. నూకాలు అది చూడనే చూసింది.

"ఉత్త సీసం, దొరా!"

"అయితే నువ్వే తీసుకుపోవే," అన్నాడు అమీను.

"ఈ చెత్త నీకెందుకే? గంపెడు జొన్నలిస్తా, నాకిచ్చెయ్," అన్నాడు వీరేశం.

నూకాలు కుండ చంకనెత్తుకుంది. "వద్దు బాబూ, మా వలకి సీసం గుళ్లు కావాలి. ఇది సీసం కాదంటారా? దొరగారు ఇక్కడే ఉన్నారు, చెప్పండి."

వీరేశం అమీను వైపు చూసి, "సీసమే, సీసమే," అని గొణిగాడు.