సూదన్న దడికి చాలని తీగ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సూదన్న అనే ముళ్ళపంది ఉండేవాడు. ఎవరి బొరియ చుట్టూ ముళ్ళదడి కట్టాలన్నా అతన్నే పిలిచేవారు. పనిమంతుడే, కాదనను. కానీ ఒక్క మాట పడేవాడు కాదు!

అతని లెక్క ఒకటే. గుండ్రంగా గీత గీసి, దాని అడ్డం ఎంతో ముళ్ళతీగతో కొలిచేవాడు. దానికి మూడింతలు తీగ కోసి చుట్టేవాడు. కొసల మధ్య చిన్న సందు మిగిలేది. అక్కడ తన ముల్లొకటి గుచ్చి చేతులు దులుపుకునేవాడు.

ఒకసారి బూరెమ్మ అనే కుందేలుకు పిల్లలు పుట్టాయి. నక్కేమో అటే తిరుగుతోంది. పిల్లలు గంతులేసేంత చోటుండేలా పెద్ద దడి కట్టమని బూరెమ్మ అడిగింది.

"అన్నా, తీగ ఇంకాస్త కొయ్యరాదూ? చాలదేమో" అంది.

"మా తాతలనాటి లెక్కమ్మా ఇది! నాకే నేర్పుతావా?" అని కసిరాడు సూదన్న.

చుట్టాడు. సందు మిగిలింది. చిన్న దడికి చిన్న సందైతే, పెద్ద దడికి పెద్ద సందు మరి! ఏకంగా నక్క తల పట్టేంత. ఒక్క ముల్లు గుచ్చితే మూసుకునే సందు కాదని సూదన్నకు తెలిసింది. అయినా ఒప్పుకుంటే పరువు పోదూ? సందుకు నాలుగు ఆకులు కప్పి, మెల్లగా ఇంటిదారి పట్టాడు.

అంతలోనే నక్క వచ్చింది. ఆకులు తోసి తల దూర్చింది.

"అమ్మా!" అని పిల్లలు కెవ్వుమన్నాయి.

ఆ కేక విని సూదన్న ఉరికొచ్చాడు. వీపు తిప్పి, వెనక్కి వెనక్కి వచ్చి నక్క తొడలో ముళ్ళు దించాడు. నక్క కుయ్యోమంటూ పారిపోయింది.

"తప్పు నాదే చెల్లీ. సందు చూసి కూడా దాచాను" అన్నాడు సూదన్న. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా పిల్లల్ని కాపాడావు. ఏడవకు. రా, ఎంత తక్కువైందో చూద్దాం" అంది బూరెమ్మ.

గడ్డిపరకతో వెలగచిప్పను కొలిచారు. చుట్టూ తిరిగి రావడానికి అడ్డానికి మూడింతలు చాలలేదు. తామరాకును కొలిచారు. చాలలేదు. చెట్టు మోడును కొలిచారు. ఊహూఁ! దేనికైనా మూడింతల పైన కొసరు కావాలి. అది అడ్డంలో ఏడో వంతుకు రవ్వంత తక్కువ. ఆ రవ్వంత ఎంతో తేల్చబోతే ఇంకా రవ్వంత మిగులుతూనే ఉంది. ఈ మూడింతల పైచిలుకు లెక్కనే 'పై' అంటారని పెద్ద తరగతుల్లో చదువుకుంటారు పిల్లలూ. దాని అంకెలకు చివరంటూ లేదట!

"ఇది తెగే లెక్క కాదు చెల్లీ. ఇప్పుడెలా?" అన్నాడు సూదన్న.

"కాస్త ఎక్కువే కొయ్యి అన్నా. మిగిలింది లోపలికి మడుద్దాం."

సూదన్న ఆమె చెప్పినట్టే కాస్త ఎక్కువ కోశాడు. దడి కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. ఆ రోజు బూరెమ్మ పిల్లల్ని పొదువుకుని కంటినిండా నిద్రపోయింది.

నీతి: కొంచెమే కదా అని తప్పును కప్పిపెడితే ముప్పు అక్కడినుంచే దూరుతుంది, ఒప్పుకుంటే దిద్దుకునే దారి దొరుకుతుంది.