ముచ్చిక దగ్గర వాసన

చిన్నపిల్లల చేతులకీ నరాలకీ ఆపరేషన్లు చేసి తల నెరిసినవారు డాక్టర్ పరాంకుశం గారు. శిష్యులేం అడిగినా ఆయన కూర్చుని జవాబు చెప్పరు. లేచి వార్డులోకి నడుస్తారు. వెనక పరుగెత్తడం శిష్యుల వంతు.

ఆ రోజు అడిగింది హైమవతి. “చేసిన పని ఫలించలేదని ఎప్పుడు ఒప్పుకోవాలి సార్?”

ఆమె దిగులంతా ఆరేళ్ల నీలవేణి గురించి. బండి మీంచి పడి మెడ దగ్గర నరాలు తెగడంతో పిల్ల కుడిచెయ్యి పొట్లకాయలా వేలాడిపోయింది. పక్కటెముకల దగ్గర ఊపిరికి పనిచేసే నరాలు కొన్ని తెచ్చి, మోచేతిని ముడిచే కండకు అతికించింది హైమవతే. అది నిరుడు. ఊపిరి నరం కదా, దగ్గితే కదులుతుందేమోనని మొదట్లో పిల్లని దగ్గించి చూసింది, కానీ అప్పటికి నరం ఇంకా కండలోకి పెరగక దారిలోనే ఉంది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా “చెయ్యి ముడువమ్మా” అని చేతినే అడిగింది. పిల్ల పళ్లు కరిచి, ఊపిరి బిగబట్టి, మొహం కందగడ్డలా ఎర్రబడేదాకా తంటాలు పడేది. చెయ్యి ఉలికేది కాదు, పలికేది కాదు. ఇక తొడ కోసి అక్కడి కండ తెచ్చి పెట్టాల్సిందే. ఆ ఆపరేషన్ మర్నాడే.

గురువుగారు నీలవేణి మంచం దగ్గర ఆగారు. పక్కన నానమ్మ అప్పలనరసమ్మ, ఆవిడ కాళ్ల దగ్గర సంచీనిండా మామిడికాయలు.

“తోట మీదేనా అమ్మా?”

“మాదే బాబూ. ముగ్గిందో లేదో ఈ గుంటే సెప్తాది. నొక్కక్కర్నేదు, ముచ్చిక కాడ వాసన సూత్తాది, అంతే.”

ఆయన ఒక కాయ తీసి, తొడిమ ఊడిన ముచ్చిక వైపు తిప్పి పిల్ల ముక్కు దగ్గర పట్టారు. “చేతి సంగతి వదిలెయ్యమ్మా. ఇది ముగ్గిందా, లేదా?”

నీలవేణికి ఇది పరీక్ష కాదు, సొంత విద్య. కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది. ఒడిలో పడున్న కుడిచెయ్యి మోచేతి దగ్గర మెల్లగా ముడుచుకుని పైకి లేచింది. ఊపిరి వదలగానే దిగింది.

“ముగ్గనేదు తాతా. దోరగుంది,” అంది పిల్ల. చెయ్యి లేచిన సంగతి దానికి తెలియనే తెలియదు.

“ఇంకోసారి చూడమ్మా,” అంది హైమవతి. ఈసారి నీలవేణి కళ్లు తెరుచుకునే పీల్చింది, తన చేతిని తనే చూసుకుంది. ఇక పట్టపగ్గాల్లేవు. సంచీలో కాయలన్నీ ఒక్కొక్కటే వాసన చూసింది. పీల్చినప్పుడల్లా చెయ్యి లేస్తూంటే వార్డు వార్డంతా నవ్వింది. నానమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హైమవతి ఏనుగెక్కినంత సంబరంతో పరుగున వెళ్లి మర్నాటి ఆపరేషన్ వద్దని చెప్పి వచ్చింది.

వచ్చాక మళ్లీ అడిగింది. “ఇన్నాళ్లూ నేను ముడవమంటే ఎందుకు ముడవలేదు సార్?”

పరాంకుశం గారు కాయని సంచీలో పెడుతూ అన్నారు. “ఆ నరం కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల కదమ్మా. పుట్టింటి పేరు పెట్టి పిలిచి చూశావా?”