గుమ్మం దగ్గర పూలతెర

కోటిలింగం మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని "చూద్దాంలే" అంటారు. ఆ చూడడం ఒక్కోసారి సాయంత్రానికే అయిపోతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. తణుకులో ఆయన స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు చాలామంది ఈ "చూద్దాంలే"తో విసిగిపోయి వేరే దారి చూసుకున్నారు. మురారి మాత్రం ఉండిపోయాడు.

వాడు ఒకరోజు ఇలా అడిగాడు. "మాస్టారూ, నా ఫోటోలు ఇంకా బాగుపడాలంటే ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? మన దగ్గరున్నవన్నీ వచ్చేశాయి."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాంలే" అన్నారు.

అన్నీ వచ్చేశాయన్నది గొప్పలకు పోయి అన్న మాట కాదు. మురారి నిజంగానే పనిమంతుడు. మబ్బు పట్టిన ఆకాశాన్ని నీలంగా మార్చగలడు. ఫోటోలో మూసుకున్న కళ్ళు తెరిపించగలడు. ఒక పెళ్ళికొడుకు బొజ్జ తగ్గించి అతని కుటుంబం మొత్తం చేత దీవెనలు అందుకున్న ఘనుడు. మాస్టారికి కంప్యూటరంటే పడదనుకునేరు, అదేం లేదు. దాన్ని కొన్నదీ ఆయనే, మురారికి మొదట నేర్పిందీ ఆయనే. అసలు ఫోటో జోలికి పోకుండా దాని కాపీ మీదే పని చెయ్యాలని మాత్రం గట్టిగా చెప్పేవారు.

అప్పుడు మురారి చేతిలో హారిక అనే అమ్మాయి పెళ్ళి ఆల్బం ఉంది. ఫోటోలు తీసింది మాస్టారు, ఆల్బం కూర్చే పని మురారిది. జీలకర్రా బెల్లం పెట్టే వేళ తీసిన ఫోటో ఒకటి అద్భుతంగా కుదిరింది. వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి ఉన్నాయి, అక్షతలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఆల్బం మధ్యలో రెండు పేజీలూ కలిపి ఆ ఒక్క ఫోటోనే పరవాలని మురారి నిర్ణయించుకున్నాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఫోటోకి ఒక మూల భోజనాల హాల్లోకి వెళ్ళే గుమ్మం పడింది. గుమ్మంలో చీకటి, ఆ చీకట్లో మసకగా, లేతరంగు చీరలో ఎవరో ఆడమనిషి. మురారి గుమ్మాన్నీ మనిషినీ కలిపి తుడిచేసి, మండపానికి కట్టిన మల్లెపూల తెరను ఆ మూలదాకా పొడిగించాడు. పూలవాళ్ళు కట్టిన దండలేవో, మురారి కట్టినవేవో ఆ పూలవాళ్ళే వచ్చినా పోల్చుకోలేరు. పెళ్ళికూతురు మాత్రం పెళ్ళికొడుకుని వదిలేసి ఆ మూలకే చూస్తోంది. పూలు చూసి మురిసిపోతోందనుకుంటారులే అని మురారి సరిపెట్టుకున్నాడు.

ఈ పనితనం మీద వాడికి ఎంత మురిపెమంటే, స్టూడియోకి ఎవరొచ్చినా ఆ ఫోటో ముందు కూర్చోబెట్టి "ఇక్కడ ఏముండేదో చెప్పండి చూద్దాం" అనేవాడు. పాస్‌పోర్టు ఫోటో కోసం హడావిడిగా వచ్చినవాళ్ళకి కూడా తప్పలేదు. ఒకాయన కిటికీ అన్నాడు, ఒకావిడ కూలర్ అంది. ప్రతి తప్పు జవాబుకీ మురారి ఛాతీ కాస్త పొంగేది.

ఒక మధ్యాహ్నం లేతరంగు నేతచీర కట్టుకున్నావిడ ఒకరు వచ్చారు. నుదుట బొట్టు లేదు. "హారిక పెళ్ళి ఆల్బం ఎంతదాకా వచ్చిందో చూద్దామని వచ్చాను బాబూ" అన్నారు. మాస్టారు లోపలి గదిలో ఎవరికో ఫోటో తీస్తున్నారు. మురారి కుర్చీ వేసి, ఫోటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. ఆవిడ ప్రతి ఫోటోలోనూ ముందు పెళ్ళికూతురిని చూసి, ఆ తర్వాత అంచులు వెతుకుతున్నారు. కన్యాదానం ఫోటో వచ్చినప్పుడు "మా బావగారూ, అక్కయ్యానూ. వాళ్ళే పీటల మీద కూర్చున్నారు" అన్నారు. మరి మీరెవరండీ అని అప్పుడైనా అడగాల్సింది. మురారి మనసు మధ్య పేజీ మీద ఉంది.

ఆ ఫోటో తెరిచి, అలవాటు ప్రకారం మూల మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఏముండేదో చెప్పండి చూద్దామండీ. ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేకపోయారు."

ఆవిడ చాలాసేపు చూశారు.

"నేనుండేదాన్ని బాబూ" అన్నారు.

మురారి నవ్వబోయి ఆగిపోయాడు.

"నేను హారిక అమ్మని. పిల్ల నిన్న అత్తవారింటి నుంచి ఫోన్ చేసింది. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు నీకేసే చూశానమ్మా, ఆ ఫోటోలో నువ్వుంటావు, అడిగి నాకు పంపించు అంది. మిగతావాటిలో ఎలాగూ లేను కదా." కాస్త ఆగి, "ఫోటోకి అడ్డమొచ్చినట్టున్నాను. ఏమీ అనుకోకు బాబూ" అన్నారు.

ఆవిడ పేరు సీతారత్నం. భర్త పోయాక ఆ ఒక్క పిల్లనీ పెంచి పెద్దచేసి పెళ్ళి చేసిన మనిషి. పెళ్ళిలో పక్కకి తప్పుకుని ఉండమని ఆవిడతో ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకుండా ఆవిడే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. బంధువులంతా ఫోటోలు దిగే వేళకి మగపెళ్ళివారి భోజనాలు చూసుకుంటూ లోపలున్నారు. మన ఇళ్ళలో ఇలాంటివి ఎవరూ నోరు విప్పకుండానే చక్కగా జరిగిపోతాయి. ఇంత జరిగాక ఆవిడకి మిగిలింది ఆ గుమ్మంలో కాస్త చోటు. అక్కణ్ణించి కూడా ఆవిడను తీసేసినవాడు మురారి.

వాడికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టకపోగా తిరిగి తనకే క్షమాపణ చెప్పారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద తను పూయించిన మల్లెలు విచ్చుకుని ఉన్నాయి. వాటికేసి చూడలేక, ఆవిడకేసి చూడలేక, సిగ్గుతో చితికిపోయి కీబోర్డు మీద అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు.

లోపలి గదిలోంచి వచ్చిన మాస్టారు వెనక నిలబడి అంతా విన్నారు. ఆయన ముఖం కూడా చిన్నబోయింది. పెళ్ళినాడు మండపం ముందు నిలబడి, బాబాయిలనీ పిన్నులనీ వరసలు పెట్టి మరీ ఫోటోలకి పిలిచింది ఆయనే. పెళ్ళికూతురి తల్లి ఏదీ అని ఆయనకీ తోచలేదు.

"అసలు ఫోటో బయటికి తియ్యి" అన్నారు.

మురారి తీశాడు. చీకటి గుమ్మం, అందులో మసకగా ఒక ఆకారం.

"అక్కడ వెలుగు పెంచు."

వాడు ఆ మూల చీకటిని కొద్దికొద్దిగా తగ్గించాడు. ముందు చీర అంచు కనబడింది. తర్వాత ఒక చెయ్యి, ఆ గుప్పిట్లో అక్షతలు. అందరిలాగే తనూ వేద్దామని లేచిన చెయ్యి, భుజందాకా రాకుండానే ఆగింది. ఆ తర్వాత ముఖం. చీకట్లోంచి లాగిన బొమ్మ కావడంతో ముఖం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలున్నాయి.

"నునుపు చెయ్యనా మాస్టారూ?" అన్నాడు మెల్లగా.

"వద్దు. ముట్టుకోకు."

పెళ్ళికూతురు ఎవరిని చూస్తోందో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. సీతారత్నం గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తేరుకుని, "ఇది ఆల్బంలో వద్దులెండి మాస్టారూ. వియ్యాలవారు ఏమైనా అనుకుంటారు. చిన్నది ఒకటి తీసి నాకివ్వండి, పిల్లకి పంపించుకుంటాను" అన్నారు.

"మధ్య పేజీలోనే ఉంటుందమ్మా. అనుకునేవాళ్ళు నన్ను అనుకుంటారు. పిలవాల్సిన రోజున పిలవనివాణ్ణి, నాకు ఆమాత్రం పడాల్సిందే" అన్నారు మాస్టారు.

ఆవిడ వెళ్ళబోతుంటే మురారి లేచి నిలబడి, "తప్పయిపోయిందమ్మా" అనగలిగాడు. "నీకేం తెలుసు నాయనా" అని ఆవిడ వాడి భుజం తట్టి మెట్లు దిగారు. ఆ మంచి మాటకి వాడు మరింత కుంగిపోయాడు.

ఆ రోజు స్టూడియో కట్టేసే వేళకి మురారి మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తల్లి అని తెలిస్తే తీసేసేవాణ్ణా మాస్టారూ? ఆ చీర చూసి, భోజనాల హాలు గుమ్మంలో ఉండడం చూసి, వంటావిడ అనుకున్నాను."

మాస్టారు ఈసారి "చూద్దాంలే" అనలేదు. వాడి ముఖంలోకి చూశారు.

"ఆ పెళ్ళికి వండిపెట్టినావిడ ఏ ఫోటోలో ఉందిరా, మురారీ?" అన్నారు.