నల్లగట్టు కెరటాలు, నక్క జోస్యం

సరుగుడు తోట దాటి ఇసకలో దిగితే సముద్రం. ఒడ్డుకి ఓ రెండు వందల అడుగుల దూరంలో నీళ్ళలో ఓ రాళ్ళ గట్టు ఉంది. దాన్ని నల్లగట్టు అంటారు. సముద్రం పోటు మీదున్నప్పుడు అది కనపడదు. నీళ్ళు వెనక్కి తీశాక గట్టు బయటపడి, దానికీ ఒడ్డుకీ మధ్య సన్నటి ఇసక దారి తేలుతుంది. గట్టు నిండా ఆల్చిప్పలు. ఎండాకాలం తోటలో కప్పా ఎలకా దొరకని రోజుల్లో ఆ చుట్టుపక్కల జంతువులన్నీ ఆ చిప్పల మీదే బతుకుతాయి.

తిండి ఊరికే దొరకదు కదా. ఒడ్డున విరిగే కెరటం కాళ్ళు తడిపి పోతుంది. నల్లగట్టు మీద విరిగే కెరటం మనిషెత్తు లేస్తుంది. పైన ఎవరుంటే వాళ్ళని ఊడ్చి, చిప్పల అంచుల మీద బరబరా ఈడ్చి, మరీ తీసుకుపోతుంది. అందుకని గట్టుకి బయల్దేరేముందు నూకయ్య అనే ముసలి పీతని అడగడం అక్కడ ఆనవాయితీ.

నూకయ్య పద్ధతి నూకయ్యది. ఒక కెరటం గట్టు మొనకి తగలగానే తన ఎనిమిది కాళ్ళనీ ఒకదాని తర్వాత ఒకటి ఇసక మీద ఆనిస్తూ లెక్కపెడతాడు. ఎనిమిదో కాలు ఆనేసరికి రెండో కెరటం వచ్చేస్తే అది దగ్గరి గాలికి పుట్టిన కెరటం, పిల్లకాయ. పోయి తినమంటాడు. కాళ్ళు రెండు వరసలు తిరిగినా రెండో కెరటం రాలేదంటే ఆ కెరటం మన సముద్రంలో పుట్టింది కాదు. ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల తుపాను తోసిన నీళ్ళు అవి. అలాంటి రోజు సముద్రం చూడ్డానికి నూనె పోసినట్టే ఉంటుంది. చాలాసేపు ఏమీ రాదు. వచ్చినప్పుడు మూడో నాలుగో కలిసి వస్తాయి. ఆ రోజు నూకయ్య వద్దంటాడు.

ఆనవాయితీలో ఇంకో రెండు ముక్కలున్నాయి. వెళ్ళమని చెప్పినవాడే అందరికంటే ముందు గట్టెక్కాలి. అలా చెప్పే పీతని ఎవరూ తినకూడదు. ఈ రెండో ముక్క నక్కకి ఏనాడూ నచ్చలేదు. నూకయ్య డెక్క ఒక్కటే పిడికెడు ఉంటుంది మరి. రోజూ కళ్ళెదుట తిరిగే కూరని చూస్తూ ఊరుకోవడం నక్క జాతికి అలవాటు లేని పని.

ఆ ఏడు వైశాఖంలో నూకయ్య వరసగా మూడు రోజులు వద్దన్నాడు. మూడు రోజులూ ఎవరూ వెళ్ళలేదు. నాలుగో రోజుకి అడవిపందికి కడుపు కాలింది.

"తాతా, మొన్న వద్దన్నావు, ఏటి జరిగింది? నిన్న వద్దన్నావు, ఏటి జరిగింది? ఏటీ జరగలేదు."

"ఎవులూ ఎల్లలేదు గనక జరగలేదు," అన్నాడు నూకయ్య.

"ఆ మాట ఎప్పుడైనా సెప్పొచ్చు."

పంది అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. తప్పిన ప్రమాదానికి సాక్ష్యం ఎక్కణ్ణించి తెస్తాం? పక్కనే నలుగురు పిల్లలతో కూర్చున్న ముంగిస కూడా తలదించుకుంది. దాని పిల్లలు మూడు రోజులుగా సరుగుడు కాయలు నాకుతున్నాయి.

నక్క ఇలాంటి సమయం కోసమే కాచుకుని ఉంది. "బావా," అంది పందితో, "తాతని అనకు. వయసు మీద పడ్డాది. కాళ్ళతో లెక్కెడితే ఏం తెలుస్తాది? కళ్ళెందుకున్నాయి? అటు సూడు."

అందరూ చూశారు. దూరంగా, ఆకాశమూ సముద్రమూ కలిసే నీలం గీత దగ్గర, హార్బరు నుంచి వచ్చిన వేటపడవలు ఎనిమిది నిలబడి ఉన్నాయి.

"ఆటిలో మనుసులున్నారు. లచ్చల ఖరీదు ఇంజన్లున్నాయి. రేడియోలున్నాయి. ఆల్లకి పానాల మీద తీపి లేదేటి? ఆ పడవలు కుదురుగా ఉన్నంతసేపూ మనకి బయం లేదు. పడవలు ఇంటికి పరిగెట్టిన రోజు మనమూ పరిగెడదుము. ఇంతే లెక్క."

వినడానికి ఎంత బాగుందో. చెప్పేవాడికి వినేవాడు లోకువ, ఆకలితో వినేవాడైతే మరీ లోకువ. పంది చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఒక పందెం కడదుము," అంది నక్క. "ఈ అమాస నుంచి వచ్చే అమాస దాకా నాను సెప్తాను. ఈలోగా గట్టు మీద ఎవులికి దెబ్బ తగిలినా తాత గెలిచినట్టు. నాను తోట వదిలి పోతాను. ఎవులికీ ఏటీ కాకపోతే ఇంక సెప్పే పని నాది. అప్పుడు తాతకి ఆ పని ఉండదు."

పని లేని పీత ఏమవుతుందో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. నూకయ్యకీ తెలుసు. "అలగే," అన్నాడు. "కానీ సెప్పినోడు ముందు గట్టెక్కాలి. అది మాత్రం తప్పకూడదు."

"నాను గట్టెక్కి కూకుంటే పడవల్ని ఎవుడు సూస్తాడు తాతా?" అంది నక్క. నలుగురూ నవ్వారు. ఆనవాయితీ ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

నక్క రోజూ సరుగుడు నీడలో కూర్చుని పడవల వంక చూసి "పదండి" అనేది. జంతువులు వెళ్ళేవి, తినేవి, వచ్చేవి. వస్తూ వస్తూ నక్కకి తలో నాలుగు చిప్పలు తెచ్చి ఇచ్చేవి. ఆ నెల సముద్రమూ దానికి కలిసొచ్చింది. తుపాన్లు లేవు, దూరపు కెరటాలు లేవు. ఇరవై ఎనిమిది రోజులు ఒక్క కాలు కూడా జారలేదు. నక్క తోక తొక్కాం అనుకున్నారందరూ. నెల తిరిగేసరికి నక్క బాగా ఒళ్ళు చేసింది. నూకయ్య మాత్రం ఎవరూ అడగకపోయినా రోజూ గట్టు మొన దగ్గర కెరటాలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. దాన్ని ఛాదస్తం అన్నారు. నేనైతే అనను.

అమావాస్య రానే వచ్చింది. మధ్యాహ్నం దాటింది. ఆకు కూడా కదలనంతగా గాలి పడిపోయింది. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. నీళ్ళు బాగా వెనక్కి తీశాయి, ఇసక దారి ఎప్పటికంటే వెడల్పుగా తేలింది. పంది అప్పటికే దారి మొదట్లో నిలబడి ఉంది. ముంగిస పిల్లల్ని వెనకేసుకుని వచ్చింది. నక్క అలవాటుగా పడవలు చూసింది. ఎనిమిదీ ఉన్నాయి, కుదురుగా.

"పదండి," అంది.

అప్పుడు నూకయ్య అడ్డంగా నడుచుకుంటూ దారికి అడ్డొచ్చాడు. రొప్పుతున్నాడు.

"ఎల్లొద్దు. పొద్దున్నించి లెక్కెడతన్నాను. రెండు వరసలు కాదు, మూడో వరస సగానికి గానీ రెండో కెరటం రావట్లేదు. నా వయసులో ఇంత ఎడం ఎరగను."

"ఎక్కడ తాతా కెరటం?" అంది పంది. "నాకు మోకాలెత్తు కూడా కనపడదు."

"ఇప్పుడు కనపడదు. పెద్దవి ఇంకా దారిలో ఉన్నాయి."

నక్క నవ్వింది. "మరి ఆ పడవల కాడ కనపడదేటి?"

"లోతు నీళ్ళల్లో ఆ కెరటం పడవని ఉయ్యాలూపినట్టు పైకెత్తి దింపుతాది, అంతే. లోపలున్నోడికి వచ్చిందనీ తెలవదు, పోయిందనీ తెలవదు. అదే కెరటం గట్టు కాడికొచ్చేసరికి కింద రాయి అడ్డం తగులుతాది. అప్పుడు లేచి నిలబడతాది. పడవకి ఏటీ కాదు. మనకే."

ముంగిస మెల్లిగా ముందుకొచ్చింది. "తాతా, ఇయ్యాలే గడువు. నీ మాట ఇని మేం ఆగిపోతే ఎవులికీ దెబ్బ తగలదు. దెబ్బ తగలకపోతే నక్క మావ గెలిచినట్టు. నువ్వు..." అంటూ నక్క వంక చూసింది.

"తెలుసు తల్లీ."

"నువ్వు నోరు మూసుకుని ఊరుకుంటే?"

"నీ పిల్లగుంటల్లో ఒకటో రెండో పోతాయి. నాను గెలుస్తాను." నూకయ్య డెక్కతో కళ్ళలో ఇసక తుడుచుకున్నాడు. "లెక్క తేలింది. సెప్పాను. ఆగుతారో ఎల్తారో మీ ఇష్టం."

ముంగిస పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. పంది కూడా ఓ అడుగు వెనక్కి వేసింది. నక్క ఆ ముసలి డెక్క వంక చూసి గుటక వేసింది. నీళ్ళు మళ్ళీ గట్టుని కమ్మేదాకా, ఇంకో రెండు గడియలు, ఎవరూ గట్టెక్కకపోయినా చాలు, పీత తనదే. నిజానికి అది అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ నెల్లాళ్ళు అందరి చేతా ఔననిపించుకున్నవాడికి ఒక్కరు కాదన్నా అరగదు.

"తాత మాటకి బెదిరిపోనారేటి?" అంది. "నా మాట నెల్లాల్లలో ఒక్కనాడు తప్పిందా? గట్టు మీద ఇయ్యాల పసిగుంట కూడా పడుకోవచ్చు. నాను సెప్తన్నాను."

ముంగిసకి పాముతో తలపడేటప్పుడు ఒక లక్షణం ఉంటుంది. తను ముందు దూకదు, దాన్నే ముందు కదలనిస్తుంది. "అయితే మావా, నువ్వు ముందెక్కు," అంది. "నీ యెనకే నా నలుగురు గుంటల్నీ తెస్తాను. పడవల్ని ఇయ్యాల్టికి పంది బావ సూస్తాడు. సూడ్డమే కదా, పెద్ద పనేటి?"

"నాను సూస్తాను," అంది పంది, వెంటనే.

నక్క ఇరుకున పడింది. ఎక్కనంటే తన మాట మీద తనకే నమ్మకం లేదని తేలిపోతుంది, రేపటి నుంచి చిప్ప తెచ్చేవాడుండడు. సముద్రం వంక చూసింది. అద్దంలా ఉంది. పడవల వంక చూసింది. కదల్లేదు. నక్క ఇంతకాలం అందరికీ చెప్పి చెప్పి చివరికి తనే నమ్మేసింది. ఇందులో మాత్రం అది మోసం చేయలేదు.

"సూస్తూ ఉండండి," అని తోక పైకెత్తి ఇసక దారి మీద నడిచింది. గట్టెక్కింది. ఓ చిప్ప పగలగొట్టి తింది. ఇంకోటి తింది. ఒళ్ళు పెరిగింది కదా, ఆకలీ పెరిగింది. మూడోది నములుతూ వెనక్కి తిరిగి, "రండి, రండి. ఏటీ నేదు," అని పిలిచింది.

పంది నోట్లో నీళ్ళూరి ఓ కాలు దారిలో పెట్టింది. ముంగిస దాని తోక పట్టుకుని వెనక్కి గుంజింది. "ఆగు బావా. మావ తిరిగొచ్చాక ఎల్దుము."

అంతలో గట్టు చుట్టూ నీళ్ళు హఠాత్తుగా ఇంకా వెనక్కి పోయాయి. ఎన్నడూ బయటపడని రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద అరచేతులంత చిప్పలు. "ఓలమ్మ, సముద్రం నాకోసం దారిచ్చింది సూడండి," అంటూ నక్క కిందికి దిగి మొన దాకా పోయింది.

"ఎనక్కి రా," అని నూకయ్య ఒక్కటే కేక పెట్టాడు. దానికి వినపడలేదు. వినపడినా వచ్చేది కాదు.

ఆ వెనక్కి పోయిన నీళ్ళని తనలోకి లాక్కుని మొదటి కెరటం గట్టు ముందు లేచి నిలబడింది. నక్క తలెత్తి చూసేసరికి ఆకాశం సగమే ఉంది. అది విరిగినప్పుడు ఒడ్డున నిలబడ్డ పంది కాళ్ళ కింద నేల అదిరింది. రెండో కెరటం నక్కని ఈ చివర నుంచి ఆ చివరకి చిప్పల మీదుగా ఈడ్చింది. మూడోది ఎత్తి ఇసక దారి మీదుగా ఒడ్డుకి విసిరేసి, దారిని కూడా తనతో తీసుకుపోయింది. ముంగిస నలుగురు పిల్లల్నీ కిందేసుకుని కళ్ళు మూసుకుంది. వాళ్ళు ఆ దారి మీదే ఉండవలసింది.

కెరటాల తర్వాత సముద్రం మళ్ళీ ఏమీ ఎరగనట్టు పడుకుంది. నురగ తీశాక ఒడ్డంతా గుట్టలు గుట్టలుగా ఆల్చిప్పలు, కెరటాలు గట్టు నుంచి ఊడబెరికి తెచ్చి పోసినవి. ఆ గుట్టల మధ్యే నక్క కూడా. ఒక చెవి చీలిపోయింది, ఎడమ పక్క తోలు చాలా మేర లేదు. అరకడవ ఉప్పునీళ్ళు కక్కింది.

ముంగిస పిల్లలు అప్పటికే గుట్ట మీద పడి తింటున్నాయి. పంది ఓ చిప్ప తెచ్చి నూకయ్య ముందు పెట్టి, పక్కన నిలబడింది. అదే దాని క్షమాపణ.

నక్క నెమ్మదిగా తలెత్తింది. మొదట నూకయ్య వంక చూడలేదు, నీలం గీత వంక చూసింది. ఎనిమిది పడవలూ ఉన్నచోటే ఉన్నాయి. ఒకదాంట్లో ఎవరో పొయ్యి వెలిగించినట్టున్నారు, సన్నగా పొగ లేస్తోంది.

"పడవలు కదల్లేదు," అంది నక్క. దాని గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "ఆటికేటీ కాలేదు. అక్కడే ఉన్నాయి."

"అవి అక్కడే ఉన్నాయి బావూ," అన్నాడు నూకయ్య. "నువ్వు ఇక్కడున్నావు."

నక్క కుంటుకుంటూ సరుగుడు తోట దాటి పోయింది. పందెం సంగతి దానికి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

లోతులో ఉన్నవాడి నిబ్బరం చూసి రాళ్ళ మీద ఉన్నవాడు ధైర్యం తెచ్చుకోకూడదు.